తట్టలో పదో కాసు

పొద్దున ఏడున్నరకు ఆ ఇంట్లో మూడు గొంతులు ఒకేసారి లేస్తాయి. కుక్కర్‌ది ఒకటి, మిల్లుకు పోయే తొందరలో ఉన్న రాజకుమార్‌ది ఒకటి, ఆ రెంటినీ మించి అతని పెళ్ళాం జెయంతిది ఒకటి. ఆ గురువారమూ అంతే.

"సత్యా! ఇడ్లీ చల్లారిపోతా ఉండాది. కడ తాళం నీ దగ్గరే కదా ఉండేది? టైముకు పోవద్దా?"

"వస్తా ఉండానమ్మా, కడ యాడికీ పోదు!"

సత్యప్రియ వాళ్ళ ఒక్కగానొక్క కూతురు. కెమిస్ట్రీ చదివింది. రాజపాళయం పాత బస్టాండు దగ్గర ఒక నగల దుకాణంలో బంగారం పరీక్ష చేసే మిషన్ ముందు కూర్చుంటుంది. నగను ఆ పెట్టెలో పెడితే చాలు. గీకే పని లేదు, కరిగించే పని లేదు, అర నిమిషంలో ఏ లోహం ఎంత పాలు ఉందో తెర మీద అంకెలు పడతాయి. అత్తగారు పెట్టిన గొలుసు మురిపెంగా తెచ్చి, ఆ అంకెలు చూసి ముఖం మాడ్చుకొని పోయిన కోడళ్ళు ఎందరో ఆ పిల్లకే తెలుసు.

వంటింటి గడప పక్కన కూర్చొని ఇడ్లీ తుంచుకుంటున్నది రాజకుమార్ తల్లి జక్కమ్మ. డెబ్బై నాలుగేళ్ళ మనిషి. ఎదురుగా గోడ మీద ఆమె మొగుడు బాలుసామి పటం, పటానికి నిన్నటి మల్లెపూలు.

బాలుసామి అంటే అలాంటిలాంటి మనిషి కాదు. ఉత్తరాదిన, కాసులు అచ్చుకొట్టే సర్కారు ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్ళు పైన చేసి వచ్చాడు. వాళ్ళ జనంలో అన్నదమ్ములు కొట్టుకున్నా, ఆలుమగలు విడిపోయినా అందరూ ఆయన అరుగు మీదికే వచ్చేవాళ్ళు. "బాలుసామి చెప్పినాడంటే ఇంక తిరుగు లేదు" అనేవాళ్ళు. ఆయన పోయి ఏడాది కావస్తోంది. ఆదివారం తివసం, ఏడాది కర్మ. ఆ రోజే వాళ్ళ జనం మండపంలో ఆయన పటం పెట్టాలని పెద్దలు అనుకున్నారు. ఆ మాట తెలిసినప్పటి నుంచీ రాజకుమార్ కాళ్ళు నేల మీద ఆనడం లేదు.

సత్య వచ్చి అవ్వ పక్కన చతికిలబడింది. "అవ్వా, నీకొక సంగతి చెప్పాల. సామి పెట్టెలో తాత కాసు ఉండాది కదా, దాన్ని నిన్న కడకు తీసుకపోయినాను."

జెయంతి చేతిలో గరిటె ఆగిపోయింది. "ఎవర్ని అడిగి తీసినావే?"

"ఏ తాత కాసు?" రాజకుమార్ చొక్కా గుండీలు పెట్టుకుంటూ ఇవతలికి వచ్చాడు. "నాయన కాసు నాయనతోనే పోయింది. నొసట పెట్టి పంపినాము కదా!"

వాళ్ళలో పీనుగ లేచే ముందు నొసట చందనం అద్ది ఒక రూపాయి కాసు అతికిస్తారు. కాటి దగ్గర ఆ కాసు కాటికాపరి తీసుకుంటాడు, అది అతని హక్కు. బాలుసామి పోవడానికి మూడు రోజుల ముందు తలగడ కింద నుంచి ఒక పాత రూపాయి తీసి కొడుకు చేతిలో పెట్టాడు. "ఇది నా మొదటి సంబళం రూపాయి. నా నొసట దీన్నే పెట్టాల. వేరేది వొద్దు" అని చేతిలో చెయ్యి వేయించుకున్నాడు. రాజకుమార్ దాన్ని భద్రంగా జెయంతికి ఇచ్చాడు. నొసట అద్దింది జెయంతే.

"చెప్పవేమే?" అన్నాడు పెళ్ళాంతో.

జెయంతికి కళ్ళనీళ్ళు తిరిగాయి. "నాకు మనసొప్పలేదు. మామ మొదటి సంబళం కాసు, ఎవరి జేబులోకో పోతుంది కదా అనిపించింది. పెట్టెలో ఇంకొక పాత రూపాయి ఉండింది, దాన్ని అద్దినాను. దీన్ని పసుపు రాసి సామి దగ్గర పెట్టినాను. తప్పా?"

"తప్పా అంటావా? చచ్చేవాడు అడిగిన ఒక్క కోరిక!"

"అరవొద్దు నాయనా, మొదట నేను చెప్పేది విను," అంది సత్య. "మొదటి సంబళం అన్నాడు కదా తాత? పనిలో చేరింది అరవై తొమ్మిదిలో. ఈ కాసు మీద ఎనభై అయిదు అని కొట్టుండాది. ఇంట్లో ఒక్కరైనా చదివినారా?"

ఎవరూ చదవలేదు. పూజలో పెట్టి దండం పెట్టిన కాసు మీద ఏడాది ఎవరు చూస్తారు!

"అందుకే నాకు అనుమానం వచ్చింది. మా కడకు ఆరోక్కియరాజ్ సార్ అని ఒకాయన వస్తాడు, రిటైరైన స్కూలు వాద్యారు, పాత కాసులు సేర్చే పిచ్చి. ఆయన చెప్పినాడు, ఫ్యాక్టరీలో కొత్త లోహాల కలపు పెట్టే ముందర నాలుగో పదో కాసులు కొట్టి చూస్తారంట. గట్టిదనం చూసి, తూచి, మళ్ళీ కరిగించేస్తారంట. ఒక్కటి కూడా గేటు దాటకూడదు. నిన్న నేను అదే ఏడాది మామూలు రూపాయి ఒకటి తెచ్చి మొదట పెట్టినాను. రాగి డెబ్బై అయిదు, నికెల్ ఇరవై అయిదు. సరిగ్గా ఉండాది. తర్వాత తాతది పసుపు తుడిచి పెట్టినాను." జేబులోంచి చీటీ తీసింది. ఆ పిల్ల ముఖం వెలిగిపోతోంది. "రాగి అరవై రెండు, నికెల్ పద్దెనిమిది, జింకు ఇరవై! రెండు పక్కలా పెట్టినాను, అరిగిన అంచులో పెట్టినాను, మూడుసార్లూ అదే. కంటికి రెండూ ఒకటే తెలుపు, అయస్కాంతానికి రెండూ అంటవు. కానీ తాతది ఆ ప్రయత్నం కాసు అవ్వా! ఎంత అపూర్వం తెలుసునా?"

"జింకా?" అంది జక్కమ్మ.

"ఆమా అవ్వా, జింకు."

"ఇంకోసారి చూసి చెప్పు."

"ఎన్నిసార్లు చూసినా అదే. ఇరవై పాలు."

జక్కమ్మ తట్ట పక్కకు జరిపింది. చెయ్యి కడుక్కోలేదు. ఎండిపోతున్న చెయ్యిని ఒళ్ళో పెట్టుకొని పటం వైపు చూస్తూ కూర్చుంది. ఆమె ముఖం చూసి జెయంతి భయపడి నీళ్ళు తెచ్చింది. జక్కమ్మ ముట్టలేదు.

"రాజా, మీ బొమ్మయ్య మామ ఏమిటికి జైలుకు పోయినాడో నీకు తెలుసునా?"

ఆ పేరు ఆ ఇంట్లో వినబడి ఎన్నేళ్ళయిందో! రాజకుమార్ ముఖం చిట్లించాడు. "ఫ్యాక్టరీలో కాసు దొంగిలించినాడు. ఇప్పుడు ఆ మాట ఏమిటికి?"

"ఏ కాసు?"

"నాకేం తెలుసును? నాకప్పుడు పద్నాలుగేళ్ళు."

"నాకు తెలుసును." జక్కమ్మ ఒక్కొక్క మాటా వెతుక్కుంటూ చెప్పింది. "ఎనభై ఆరులో నా తమ్ముడు నా కాళ్ళ దగ్గర కూర్చొని ఏడ్చినాడు. అక్కా, జింకు కలిపిన కాసులు తట్టలో పది ఉండినాయి. పొద్దున పది, సాయంత్రం తొమ్మిది. పదోది బావ తీసినాడు, నా కళ్ళతో చూసినాను అన్నాడు. నేను వాణ్ని చెప్పుతో కొట్టినాను రాజా. నా మొగుణ్ని దొంగ అంటావా అని. మీ నాయన పోయి ఆఫీసర్ల ముందర సాక్షి చెప్పినాడు, బొమ్మయ్య జేబులో చెయ్యి పెట్టింది నేను చూసినాను అని. ఆ పని వాడికి వేయించింది మీ నాయనే. బావ చెప్తే ఎవరు నమ్మరు? ఎనిమిది నెలలు లోపల వేసినారు."

సత్య చేతిలోని చీటీ మడిచేసింది. ఇంతసేపూ సంబరంగా చదివిన అంకెలు అవే!

జక్కమ్మ అప్పటి నుంచి తమ్ముడి ముఖం చూడలేదు. చోళపురంలో ఉన్నాడని తెలుసు, ఇక్కడికి అర గంట బస్సు. సత్రపట్టిలో కట్లు కట్టే గాజుగుడ్డ మూటలు మోసి బతికాడని తెలుసు. చోళపురంలో పిల్లలు కూడా కాసు బొమ్మయ్య అని పిలుస్తారనీ తెలుసు. నిరుడు బాలుసామి పోయినప్పుడు, ఆచారం ప్రకారం విధవరాలికి పుట్టింటి నుంచి కొత్త కోడిచీర రావాలి కనుక, ఆ ముసలివాడు చీర పట్టుకొని వచ్చాడు. రాజకుమార్ గేటు దగ్గరే ఆపాడు. "దొంగ చెయ్యి తాకిన చీర మా అమ్మ కట్టదు" అని నలుగురి ముందూ అన్నాడు. లోపల కూర్చున్న జక్కమ్మ విన్నది. విని ఊరుకుంది.

"నేను చోళపురం పోతాను," అంది ఇప్పుడు.

రాజకుమార్ అడ్డం వచ్చాడు. "ఏం చేసేదానికి? అమ్మా, ఆదివారం పటం పెడతారు. ఊరంతా వస్తాది. తివసం జరగనీ, తర్వాత నిదానంగా చూద్దాం."

"నిదానంగానా? ముప్పై ఎనిమిదేళ్ళు చాలలేదా?"

"చచ్చిపోయిన మనిషి వచ్చి జవాబు చెప్పగలడా? ఏదో మిషన్ ఏదో అంకె చూపిస్తే నాయన దొంగైపోతాడా? ఆయన నీ మొగుడమ్మా!"

"వాడు నా తోడబుట్టినోడు కాదా?" జక్కమ్మ గోడ పట్టుకొని లేచింది. "మీ నాయన పక్కలో ఇన్నేళ్ళు పండుకున్నాను. నా తమ్ముడు మూటలు మోస్తా ఉండాడని విన్నప్పుడల్లా నా పక్కనే ఉండినాడు. ఒక్క రోజు, ఒక్క మాట చెప్పినాడా? నొసట పెట్టుకొని కాటికి తీసుకపోదామని చూసినాడు. నీ పెళ్ళాం మంచి మనసు అడ్డం వచ్చింది, లేకపోతే తీసుకపోయి ఉండేవాడు!"

రాజకుమార్ కూతురి సంచిలోంచి కాసు లాక్కున్నాడు. "దీన్ని చెరువులో పారేస్తాను. అప్పుడు ఏం చూపిస్తావు?"

"పారెయ్," అంది జక్కమ్మ. "నాకు కాసు వొద్దు. నోరు ఉండాది కదా నాకు."

సత్య ఆ రోజు కడకు పోలేదు. తాళం పక్కింటి పిల్లతో పంపి, అవ్వను చెయ్యి పట్టుకొని బస్సెక్కించింది. బస్సులో జక్కమ్మ ఒక్కసారి మాత్రం నోరు తెరిచింది. "వాడు చెరుకు ముక్కకు ఏడిస్తే నేనే నమిలి ఇచ్చేదాన్ని" అంది.

బొమ్మయ్య ఇంటి ముందు కూర్చొని వేరుశెనక్కాయలు ఒలుస్తున్నాడు. ఒక భుజం కిందికి జారిపోయి ఉంది, మూటలు మోసిన భుజం. అక్కను చూశాడు. చేతిలో కాయ ఒలవడం ఆపలేదు.

"ఎవరు చచ్చినారు?" అన్నాడు.

అంత మాట! జక్కమ్మ అక్కడే మట్టిలో కూలబడింది. చెప్పుకొచ్చింది, కాసు సంగతి, నొసట పెట్టమన్న సంగతి, మిషన్ సంగతి. లోపలి నుంచి బొమ్మయ్య పెళ్ళాం వెళ్ళయమ్మాళ్ వచ్చి గుమ్మంలో నిలబడింది. రమ్మనలేదు, పొమ్మనలేదు. జక్కమ్మ చెప్పేదంతా తమ్ముడికే చెప్పింది. ఆ గుమ్మం వైపు ఒక్కసారీ కన్నెత్తలేదు.

సత్య చీటీ ఇచ్చింది. ముసలాయన దాన్ని ఎండకు పట్టి, కళ్ళు చికిలించి చదివాడు. "నికెల్ పద్దెనిమిది. ఆమా. పద్దెనిమిదే. తట్ట మీద రాసుండింది." చీటీ మడిచి ఆ పిల్లకే తిరిగి ఇచ్చాడు. తర్వాత అక్క వైపు చూశాడు.

"నేను చెప్పినప్పుడు నమ్మలేదు. మిషన్ చెప్తే నమ్మినావు."

"తప్పు చేసినాను రా. నీ కాళ్ళు పట్టుకుంటాను" అని జక్కమ్మ ముందుకు వంగింది.

ఆయన కాళ్ళు వెనక్కి లాక్కున్నాడు. "ఏమిటికి పట్టుకుంటావు? నేను దొంగ కాదని నాకు తెలుసును. తెలిసినోడికి వచ్చి చెప్తావేమి? నన్ను కాసు బొమ్మయ్య అన్నది ఈ తెరువు. నా కూతురికి మూడు సంబంధాలు ఆ పేరు చెప్పి తిప్పి పంపినారు. వాళ్ళకు తెలుసునా నీ మిషన్ సంగతి?"

జక్కమ్మ కళ్ళు తుడుచుకుంది. కొంగు దోపుకొని లేచి, వీధిలోకి నడిచింది.

వాళ్ళలో పెళ్ళికి పిలిచేటప్పుడు ఇల్లిల్లూ తిరుగుతారు. ఒక్క ఇల్లూ తప్పకూడదు, వాకిట నిలబడి ఇంటి మనుషులు ఇవతలికి వచ్చాకే చెప్పాలి. జక్కమ్మ అలాగే మొదటి ఇంటి వాకిట నిలబడి పిలిచింది. చీపురు చేతిలోనే పట్టుకొని ఒకావిడ వచ్చింది.

"నేను బొమ్మయ్య అక్కను. రాజపాళయం బాలుసామి పెళ్ళాన్ని. ఫ్యాక్టరీలో కాసు తీసింది నా తమ్ముడు కాదు, నా మొగుడు. తప్పు సాక్షి చెప్పి వీణ్ని జైలుకు పంపినాడు. మీరు వీణ్ని ఇంక ఆ పేరుతో పిలవొద్దు."

జక్కమ్మ రెండో ఇంటికి పోయింది. అదే మాట. మూడో ఇంటి దగ్గర ఉండగా రాజకుమార్ బైకు వచ్చి ఆగింది.

"అమ్మా, నా మానం తీయొద్దు. రా, ఇంటికి పోదాం!"

ఆమె కొడుకు వైపు తిరగలేదు. కొడుకు వింటుండగానే ఆ ఇంటి ముసలాయనకు మొదటి నుంచి చెప్పింది, నా మొగుడు అనే మాట దగ్గర గొంతు ఇంకా పెంచింది. రాజకుమార్ హెల్మెట్ చేతిలో పట్టుకొని తల వంచుకొని నిలబడ్డాడు. ఎవరో అతనికి కుర్చీ వేశారు. కూర్చోలేదు.

అయిదో ఇంటికి వచ్చేసరికి ఆమెకు ఆయాసం వస్తోంది. సత్య నీళ్ళు తాగించింది. అంతవరకూ వెనకాలే నడుస్తున్న బొమ్మయ్య, "చాలక్కా" అన్నాడు. ఎన్నేళ్ళకో ఆ పిలుపు. "చాలు, రా, కూర్చో."

"నీకు చాలేమో రా. నాకు చాలదు."

"చాలదు," అన్నది ఇంకో గొంతు. వెళ్ళయమ్మాళ్. ఇంటి దగ్గర నోరు మెదపని మనిషి తెరువు నడుమకు వచ్చి నిలబడింది. "నిజమే వదినా, చాలదు. మీ ఆయన చేసింది అయిదిళ్ళలో చెప్పినావు. నీవు చేసింది ఎవరికి చెప్పినావు?"

జక్కమ్మ అప్పుడు ఆమె వైపు తిరిగింది.

"ఈయన లోపల ఉండినాడు. మా పెద్దోడికి జొరం. నాలుగేళ్ళ బిడ్డ. ఆ ఫ్యాక్టరీ ఊరి భాష నాకు ఒక్క ముక్క రాదు, నీకు బాగా వచ్చు. బిడ్డను భుజాన వేసుకొని నీ వాకిలికి వచ్చినాను. కాసు అడిగినానా నిన్ను? బువ్వ అడిగినానా? నాతో ఆస్పత్రికి వచ్చి డాక్టరుకు ఒక్క మాట చెప్పు వదినా అన్నాను. నీవేం చేసినావు?"

"తలుపు వేసినాను."

"వాడి ఏడుపు నీకు వినిపించిందా లేదా?"

"వినిపించింది."

"అప్పుడు మీ ఆయన ఇంట్లో ఉండినాడా?"

"లేదు. డ్యూటీకి పోయినాడు. ఎవరూ వేయమనలేదు. నేనే వేసినాను. దొంగ బిడ్డ అన్నాను."

"మూడో రోజు పోయినాడు వాడు," అంది వెళ్ళయమ్మాళ్. ఆమె కళ్ళలో చుక్క నీరు లేదు. "ఏమయిందని డాక్టరు అడిగినాడు. నాకు అర్థం కాలేదు."

రాజకుమార్ తల్లి వైపు చూశాడు. ఆ బిడ్డ జొరంతో పోయాడని మాత్రమే అతను అప్పట్లో విన్నాడు. సత్య అవ్వ భుజం మీద వేసిన చెయ్యి తెలియకుండానే తీసేసింది. అవ్వ ఆ చెయ్యి కోసం వెతుక్కోలేదు.

ఆరో ఇంటి వాకిట అప్పటికే మనుషులు నిలబడి ఎదురుచూస్తున్నారు. జక్కమ్మ అటు పోలేదు. వెనక్కి తిరిగింది. మోకాళ్ళు పట్టుకుంటూ, గోడలు పట్టుకుంటూ, వచ్చిన దారినే నడిచి మళ్ళీ మొదటి ఇంటి ముందు నిలబడింది.

"ఇప్పుడే కదా పెద్దమ్మా చెప్పి పోతివి?" అంది ఆ ఇంటావిడ.

"సగమే చెప్పినాను తల్లీ. నాది చెప్పలేదు."

చెప్పింది. బిడ్డ జొరం, వాకిలి, తలుపు, ఏడుపు, అన్నీ చెప్పింది. మొగుడి మాట ఒక్కటి కూడా మధ్యలో కలపలేదు. వింటున్న ఆవిడ చీపురు కింద పడేసి గుండె మీద చెయ్యి వేసుకుంది.

"అయ్యో పావం! బిడ్డ పేరేమి?"

జక్కమ్మ నోరు తెరిచింది. మాట రాలేదు. రెండుసార్లు ప్రయత్నించింది. అప్పుడు వెనక నుంచి వెళ్ళయమ్మాళ్ ముందుకు వచ్చి, "పొన్‌రాజ్" అంది. ఆ పేరు గట్టిగా అన్నాక ఆమెకు దుఃఖం ఆగలేదు. నోట్లో కొంగు కుక్కుకొని అక్కడే కూర్చొని ఏడ్చింది. జక్కమ్మ ఆమెను ముట్టుకోలేదు. ముట్టుకునే హక్కు తనకు లేదని తెలుసు. పక్కన నిలబడి ఉండిపోయింది.

కాసేపటికి వెళ్ళయమ్మాళ్ ముఖం తుడుచుకొని లేచింది.

"ఇంకా పదకొండు ఇళ్ళు ఉండాయి," అంది. "నడువు వదినా. పేరు నేను చెప్తాను."